ఓడిపోయే దుర్యోధనుడికి ఎన్ని మార్కులు? రెజ్లింగ్‌కి బేస్‌బాల్ లెక్కలు

తొంభైల్లో బడికి వెళ్లిన తెలుగు పిల్లల సంచుల్లో, నోటు పుస్తకాల మధ్య, రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట ఒకటి దాక్కుని ఉండేది. అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పేరున్న ట్రంప్ కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక రెజ్లర్ ఫొటో, దాని కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు. ఒకడు "బరువు" అని అంకె చదువుతాడు. అవతలివాడి కార్డులో అంతకంటే తక్కువుంటే ఆ కార్డు వీడి చేతికొచ్చేస్తుంది. లంచ్ బెల్లు నుంచి మళ్లీ బెల్లు కొట్టేదాకా ఇదే పని. ఆ అంకెలు ఎవరు వేశారో, ఎక్కడి నుంచి తెచ్చారో ఎవరూ అడగలేదు. అచ్చులో ఉంది కాబట్టి నిజమే అయ్యుండాలి.

ఆ గడులన్నిటిలో పనికిరానిది చివరిది. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టి ఉంటుందని ఇప్పుడు అందరికీ తెలుసు. కానీ "అంతా డ్రామాయే కదా, ఇంక లెక్కలెందుకు" అని లేచిపోతే ఒక మంచి ప్రశ్న అక్కడే మిగిలిపోతుంది. డ్రామాలోనూ నటన వచ్చినవాడు, రానివాడు ఉంటారు. ఇద్దరి మధ్య తేడా ఎంతో చెప్పడానికి అంకెలు సాయపడతాయా? ఈ విషయంలో బేస్‌బాల్ నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఎందుకంటే బేస్‌బాల్ గణాంకాల్లో అసలైన మలుపు మొదలైంది కూడా ఇక్కడే: గెలుపుల గడిని నమ్మడం మానేయడం దగ్గర.

బేస్‌బాల్‌లో పిచర్ అంటే, మోటుగా చెప్పాలంటే, మన బౌలర్. టీమ్ గెలిచిన ప్రతి మ్యాచ్‌నీ ఎవరో ఒక్క పిచర్ పేరున రాయడం అక్కడ ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. క్రికెట్‌లో టెస్టు గెలిస్తే ఆ గెలుపుని ఒక్క బౌలర్ ఖాతాలో వేసినట్టన్నమాట. అతని బ్యాటర్లు పది పరుగులు కొట్టిపెడితే చెత్తగా వేసినా గెలుపు అతనిదే. వాళ్లు ఒక్కటీ కొట్టకపోతే దేవుడు దిగొచ్చి వేసినా ఓటమే. 1987లో హ్యూస్టన్ తరఫున నోలన్ రయన్ తన లీగ్ మొత్తంలో అతి తక్కువ సగటున, 2.76 చొప్పున, పరుగులిచ్చాడు. 270 మందిని స్ట్రైకౌట్ చేసి (మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేసి) అందులోనూ లీగ్‌లో మొదటివాడయ్యాడు. రికార్డు పుస్తకంలో ఆ ఏడాది అతని పేరు పక్కన ఉన్నది 8 గెలుపులు, 16 ఓటములు. ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనికి రాలేదు.

2010కి వచ్చేసరికి సియాటిల్ పిచర్ ఫెలిక్స్ హెర్నాండెజ్ 13 గెలిచి 12 ఓడాడు, పరుగుల సగటు 2.27. అవార్డు ఇచ్చారు. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్ 10 గెలిచి 9 ఓడాడు, సగటు 1.70. అతనికీ ఇచ్చారు. ఈ ముప్ఫై ఏళ్లలో మారింది ఓటు వేసేవాళ్ల చూపు.

ఆ చూపు మార్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు బిల్ జేమ్స్. కాన్సాస్‌లో ఒక డబ్బా ఆహారాల ఫ్యాక్టరీలో రాత్రి కాపలా పని చేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా స్కోరు పట్టికలు ముందేసుకుని లెక్కలు కట్టేవాడు. 1977లో తన డబ్బుతోనే తొలి సంచిక అచ్చేసుకున్నాడు. ఈ విద్యకి సేబర్‌మెట్రిక్స్ అన్న పేరు పెట్టింది కూడా అతనే. పాతికేళ్ల తర్వాత, 2003లో, బోస్టన్ రెడ్ సాక్స్ అతన్ని పిలిచి ఉద్యోగం ఇచ్చింది. ఈ విద్యలో ఫార్ములాలు బోలెడున్నా వాటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే: ఈ అంకెలో ఈ మనిషి వాటా ఎంత, చుట్టూ ఉన్నవాళ్ల వాటా ఎంత, అదృష్టం వాటా ఎంత?

రెజ్లింగ్‌కి అరువు తెచ్చుకోవాల్సింది ఈ ప్రశ్నని. ఫార్ములాలు తర్వాత చూసుకోవచ్చు.

గెలుపు ఓటముల సంగతి ముందు తేల్చేద్దాం. పద్యనాటకంలో దుర్యోధనుడు ప్రతి ఊళ్లోనూ, ప్రతి రాత్రీ ఓడిపోతాడు. అంతమాత్రాన ఆ వేషం కట్టినవాడికి సున్నా మార్కులు వేస్తామా? పద్యం ఎత్తుకోగానే ఎన్నిసార్లు "వన్స్ మోర్" పడ్డాయో లెక్కపెడతాం. రెజ్లింగ్‌లో ఫలితం రాసేవాణ్ని బుకర్ అంటారు. కాబట్టి గెలుపుల గడి రెజ్లర్ ప్రతిభ గురించి ఏమీ చెప్పకపోయినా, బుకర్ అతని మీద ఎంత నమ్మకం పెట్టుకున్నాడో చెబుతుంది. ఆ మేరకు అది పూర్తిగా చెత్తబుట్టలో వేయాల్సిన అంకె కాదు. కంపెనీ బడ్జెట్ చూసి ఏ విభాగాన్ని ముద్దుగా చూస్తున్నారో కనిపెట్టినట్టు.

ఆ గడిని ఎంత సాగదీయొచ్చో గోల్డ్‌బర్గ్ ఉదంతం చూస్తే తెలుస్తుంది. 1997 సెప్టెంబర్ 22న, డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి పోటీ కంపెనీ అయిన డబ్ల్యూసీడబ్ల్యూ టీవీ షోలో మొదటి మ్యాచ్ గెలిచాడు. అక్కడి నుంచి ఓటమి అన్నదే లేదు. వారం వారం తెర మీద ఒక అంకె పెరుగుతూ పోయేది. 1998 డిసెంబర్ 27న కెవిన్ నాష్ చేతిలో ఓడేనాటికి ఆ అంకె 173కి చేరింది. అంకె పెరిగిన వేగానికీ అతను నిజంగా ఆడిన మ్యాచ్‌లకీ పొంతన లేదని లెక్కపెట్టుకుంటూ వచ్చిన అభిమానులు అప్పుడే పట్టేశారు. మన సినిమా పోస్టర్ల మీద వేసే కలెక్షన్ల లాగే, అది కూడా ప్రచారంలో భాగం.

దీనికి ఎదురు ఉదాహరణ డేనియల్ బ్రయన్. 2012 ఏప్రిల్ 1, మయామీ, ఏటా జరిగే అతిపెద్ద షో రెజిల్‌మేనియా 28. ప్రపంచ ఛాంపియన్ హోదాలో రింగ్‌లోకి వచ్చాడు. ప్రియురాలి పాత్రధారిణికి ముద్దు పెట్టి వెనక్కి తిరిగాడు. షేమస్ ఒక్క తన్ను తన్నాడు. 18 సెకన్లలో మ్యాచ్ అయిపోయింది, బెల్టు పోయింది. ట్రంప్ కార్డు లెక్కలో ఇంతకంటే అవమానకరమైన ఓటమి ఉండదు. మర్నాడు అదే ఊళ్లో జరిగిన టీవీ షోలో మాత్రం, సంబంధం ఉన్నా లేకపోయినా, జనం అతని "యెస్! యెస్!" నినాదాన్ని షో పొడవునా అరుస్తూనే ఉన్నారు. సరిగ్గా రెండేళ్లకి, 2014 ఏప్రిల్ 6న న్యూ ఆర్లీన్స్‌లో రెజిల్‌మేనియా 30 ముగిసింది అతని చేతుల్లో రెండు బెల్టులతో. ఆ 18 సెకన్ల ఓటమి ఒక పెద్ద గెలుపు కంటే ఎక్కువ పని చేసింది. గెలుపుల గడిలో అది ఒక మైనస్‌గానే ఉంటుంది.

సరే, గెలుపులు తీసేశాం. వాటి స్థానంలో దేన్ని లెక్కపెట్టాలి? ఇక్కడే రెజ్లింగ్ లెక్కలకి అసలు తలనొప్పి మొదలవుతుంది.

బేస్‌బాల్‌లో అన్నిటికీ ఒకే నాణెం ఉంది: పరుగు. ఒక క్యాచ్, ఒక సిక్స్ లాంటి హోమ్ రన్, ఒక దొంగిలించిన బేస్ (పరుగు దారిలో కన్నుగప్పి చేరుకున్న మజిలీ), దేనినైనా ఎన్ని పరుగులకి సమానమో లెక్కగట్టొచ్చు. సుమారు పది పరుగులు ఒక గెలుపుతో సమానం అన్న మారకం రేటు కూడా ఉంది. అలా అందరి పనినీ ఒకే గాటన కట్టి చూడగలుగుతున్నారు. రెజ్లింగ్‌లో అలాంటి నాణెం లేదు. రెండు వేర్వేరు నాణేలున్నాయి, వాటి మధ్య మారకం రేటు లేదు.

1987 మార్చి 29న మిషిగన్‌లోని పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో జరిగిన రెజిల్‌మేనియా 3 దీనికి చక్కని ప్రయోగశాల. ఒకే రాత్రి, ఒకే జనం. ఒక మ్యాచ్‌లో రాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్. అడుగు అడుగూ ముందే సాధన చేసుకుని వచ్చి, పావుగంటలో ఊపిరాడనివ్వని కుస్తీ చూపించారు. ఈ రోజుకీ రెజ్లింగ్ నేర్చుకునేవాళ్లకి చూపించే మ్యాచ్ అది. ఇంకో మ్యాచ్‌లో హల్క్ హోగన్, ఆండ్రే ది జయంట్. ఆండ్రే అప్పటికే నడుము నొప్పితో సరిగ్గా కదల్లేని స్థితి. ఇద్దరూ కలిసి చేసింది చాలా తక్కువ. రెజ్లింగ్ పాత్రికేయుడు డేవ్ మెల్ట్‌జర్ తన స్టార్ రేటింగుల్లో దీనికి మైనస్ నాలుగు వేశాడు. అయితే ఆ రాత్రి స్టేడియం నిండింది ఎవరి కోసం? హోగన్ ఆ కొండని ఎత్తి కింద పడేస్తాడా లేదా అని చూడ్డానికి. హాజరైన జనం 93,173 అని కంపెనీ ప్రకటించింది. అంతమంది లేరు, 78,000 అని మెల్ట్‌జర్ వాదన. ఎవరి లెక్క తీసుకున్నా సావేజ్ మ్యాచ్ ఒక్కటే పెట్టి ఉంటే అందులో సగం కూడా వచ్చేవారు కాదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే హోగన్, ఆండ్రే జోడీ ఎన్‌బీసీ ఛానెల్‌లో తలపడితే చూసినవాళ్లు 3.3 కోట్ల మంది అని చెబుతారు.

తెలుగు పాఠకులకి ఇది కొత్త కథేమీ కాదు. రివ్యూల్లో 2.25 తెచ్చుకుని వంద కోట్లు కొట్టే సినిమా, 3.5 తెచ్చుకుని మూడో రోజుకే థియేటర్ ఖాళీ అయ్యే సినిమా మనకి తెలుసు. మెల్ట్‌జర్ కూడా పావు స్టార్ల లెక్కనే వేస్తాడు. 1989లో రిక్ ఫ్లెయర్, స్టీమ్‌బోట్ ఆడిన మూడు మ్యాచ్‌లకీ అతను ఐదుకి ఐదు ఇచ్చాడు. వాటిలో రెండోది జరిగిన న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్‌లో ఆ రోజు జనం ఐదు వేల పైచిలుకే. ఆ స్టేడియం వైశాల్యానికి అది ఖాళీ కిందే లెక్క.

కాబట్టి రెండు పద్దు పుస్తకాలు పెట్టుకోవడమే దారి. ఒకటి రింగులో పనితనం, రెండోది జనాన్ని రప్పించే శక్తి. రెండిటినీ కలిపి ఒకే అంకె తయారు చెయ్యాలని చూసేవాళ్లు చివరికి తమ ఇష్టాన్నే దశాంశాల్లో రాసుకుంటారు. బేస్‌బాల్ స్కౌట్లు కుర్రాళ్లని చూసేటప్పుడు వాడే పద్ధతి ఈ విషయంలో కాస్త నయం. బ్యాటింగ్ నైపుణ్యం, బాదే బలం, పరుగు వేగం, ఫీల్డింగ్, విసిరే చెయ్యి, ఇలా ఒక్కోదానికీ 20 నుంచి 80 మధ్య విడివిడిగా మార్కులు వేస్తారు. 50 అంటే సగటు, 80 అంటే తరానికి ఒకళ్లో ఇద్దరో. రెజ్లర్‌కి ఆ గడులు రింగ్ పనితనం, మైకు పట్టుకుని మాట్లాడే తీరు, ఆకారం, దెబ్బ తగిలినట్టు నమ్మించే నేర్పు, జనంతో ముడిపడే గుణం అనుకుంటే, హోగన్‌కి మొదటి గడిలో 40, చివరి గడిలో 80 పడతాయి. ది రాక్‌కి మైకు గడిలో 80 వేయనివాడు ఉండడు. ఇది కూడా అభిప్రాయమే, నిజమే. కాకపోతే ఎక్కడ ఒప్పుకుంటున్నామో, ఎక్కడ పోట్లాడుకుంటున్నామో విడివిడిగా కనిపిస్తుంది.

ఇక బేస్‌బాల్ నుంచి తెచ్చుకోదగ్గ అన్నిటికంటే విలువైన ఆలోచనకి వద్దాం. ఆటగాణ్ని సగటు ఆటగాడితో పోల్చడం కాకుండా, అతను రేపు రాకపోతే అతని బదులు చవగ్గా, వెంటనే ఎవరు దొరుకుతారో వాళ్లతో పోల్చడం. దీన్ని రీప్లేస్‌మెంట్ లెవెల్ అంటారు. పెళ్లిలో అసలు వంటమనిషి రాకపోతే పక్క వీధి నుంచి పిలుచుకొచ్చే మనిషి లాంటిదన్నమాట ఆ స్థాయి. ఆకలి తీరుతుంది, ఎవరూ గుర్తుపెట్టుకోరు. టీమ్ మొత్తాన్నీ అలాంటి వాళ్లతో నింపినా 162 మ్యాచ్‌ల సీజన్‌లో దాదాపు 48 గెలుస్తుందని బేస్‌బాల్ లెక్క. ఆ మట్టం నుంచి ఒక ఆటగాడు ఎన్ని గెలుపులు అదనంగా తెచ్చాడన్నదే వార్ అని పిలిచే అంకె. సగటుతో పోలిస్తే రోజూ ఆడే మామూలు ఆటగాడి విలువ సున్నాగా కనిపిస్తుంది. ఈ మట్టంతో పోలిస్తే రోజూ లేచి పనికి రావడానికి కూడా విలువ ఉందని తెలుస్తుంది.

రెజ్లింగ్ జనానికి ఈ ఆలోచన తెలియక కాదు. వాళ్లు దాన్ని లెక్కగా రాసుకోలేదు, సామెత చేసుకున్నారు. "రిక్ ఫ్లెయర్ చీపురుకట్టతో ఆడినా మూడు స్టార్ల మ్యాచ్ తీస్తాడు" అని చాలాకాలంగా చెప్పుకుంటారు. ఆ చీపురుకట్టే రీప్లేస్‌మెంట్ లెవెల్. జపాన్ వాళ్లయితే మాట వరసకి వదిలేయకుండా చేసి చూపించారు. అక్కడి డీడీటీ సంస్థలో యోషిహికో అనే "రెజ్లర్" ఉన్నాడు. గాలి ఊదిన బొమ్మ. 2009లో కోటా ఇబుషి ఆ బొమ్మతో పూర్తి స్థాయి మ్యాచ్ ఆడాడు. బొమ్మ ఇబుషి మెడ పట్టుకుని గాల్లో గిరగిరా తిప్పి నేలకేసి కొట్టినట్టు కనిపిస్తుంది. ఎగిరేదీ, తిరిగేదీ, పడేదీ ఇబుషి ఒక్కడే. జనం ఊపిరి బిగబట్టి చూశారు. అవతలివాడి వాటా కచ్చితంగా సున్నా అని తెలిసిన మ్యాచ్ రెజ్లింగ్ చరిత్రలో చాలా అరుదు. గణాంకాలవాడికి ఇది బంగారం.

కానీ సంస్థల్లో నిజంగా రీప్లేస్‌మెంట్ స్థానంలో ఉండేది బొమ్మలు కావు, జాబర్లు. పేరున్నవాళ్ల చేతిలో ఓడిపోవడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు. బ్రూక్లిన్ బ్రాలర్ పేరుతో స్టీవ్ లాంబార్డీ దాదాపు మూడు దశాబ్దాలు ఒకే కంపెనీలో ఆ పని చేశాడు. బ్యారీ హారొవిట్జ్ తన వీపు తనే తట్టుకుంటూ రింగ్‌లోకి వచ్చేవాడు, ఇంకెవరూ తట్టరు కాబట్టి. 1995లో ఒకసారి అతన్ని గెలిపిస్తే టీవీ వ్యాఖ్యాతలు నమ్మలేనట్టు అరిచారు. వీళ్లని అట్టడుగు మట్టం కింద పెడితే లెక్క తప్పుతుంది. అవతలివాడు కొట్టిన దెబ్బ బలంగా తగిలినట్టు కనిపించేలా పడటం, సరైన క్షణంలో, అవతలివాడికి గాయం కాకుండా, తనకి కాకుండా, అది ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిన విద్య. చవగ్గా దొరికే మనిషి చేస్తే కొత్త స్టార్ రెండు వారాల్లో తేలిపోతాడు.

బేస్‌బాల్‌కి కూడా ఇదే గుణపాఠం ఆలస్యంగా అందింది. అక్కడ క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. పిచర్ వేసిన బంతి గీతకి కాస్త బయట పడినా, గ్లవ్‌ని కదపకుండా మెత్తగా అందుకుంటే అంపైర్ దాన్ని మంచి బంతి కింద లెక్కిస్తాడు. పేరు పిచర్‌కి వస్తుంది. దశాబ్దాల పాటు దీనికి గడే లేదు. 2008 నాటికి మైదానాలన్నిటా బంతి దారిని కొలిచే కెమెరాలు వచ్చాక, ఈ నేర్పు ఏడాదికి ఎన్నో పరుగుల విలువ చేస్తుందని తేలింది. బ్యాటింగ్ అంతంతమాత్రమైన జోసే మొలీనాని టాంపా బే జట్టు కోరి తెచ్చుకున్నది అందుకే. రెజ్లింగ్‌లో జాబర్ చేసేది అచ్చం ఆ పని. దాన్ని కొలిచే కెమెరా ఇంకా రాలేదు.

కెమెరా లేనప్పుడు మిగిలే పద్ధతి ఒకటుంది: ఆ మనిషి ఉన్నప్పుడు ఎలా ఉంది, లేనప్పుడు ఎలా ఉంది అని పోల్చడం. బేస్‌బాల్‌లో క్యాచర్ల విలువ తేల్చడానికి దీన్నీ వాడారు. రెజ్లింగ్ మ్యాచ్‌లన్నీ తేదీలవారీగా ఎక్కించిన కేజ్‌మ్యాచ్ లాంటి డేటాబేస్‌లు ఉన్నాయి కాబట్టి ఇక్కడా చేయొచ్చు. ఒక రెజ్లర్ ప్రత్యర్థులందరి జాబితా తీసి, వాళ్లు వేరేవాళ్లతో ఆడినప్పటి కంటే ఇతనితో ఆడినప్పుడు మెరుగ్గా కనిపించారా అని చూడటమే. అలా చూస్తే ఫ్లెయర్ లాంటివాళ్ల గొప్పతనం వాళ్ల సొంత సగటులో కంటే ప్రత్యర్థుల సగటుల్లో ఎక్కువ కనిపిస్తుంది. కుర్రాడు స్టింగ్‌ని జనం మొదటిసారి పెద్ద స్టార్‌గా చూసింది 1988లో ఫ్లెయర్‌తో 45 నిమిషాలు డ్రా చేసిన రాత్రే.

ఇదే పద్ధతి రెండో పద్దు పుస్తకానికి వాడితే కొన్ని తీర్పులు తిరగబడతాయి. డీజిల్ పేరుతో కెవిన్ నాష్ 1994 నవంబర్ నుంచి 358 రోజులు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఛాంపియన్. ఆ కాలంలో వ్యాపారం నీరసంగా నడిచింది. "జనాన్ని రప్పించలేని ఛాంపియన్" అన్న ముద్ర అతని మీద పడిపోయింది. 1996లో అదే నాష్ అవతలి కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూకి వెళ్లి స్కాట్ హాల్, హోగన్‌లతో జట్టు కట్టాడు. ఆ జోరులో ఆ కంపెనీ షో టీవీ రేటింగుల్లో వరసగా 83 వారాలు పోటీ షోని కింద పెట్టింది. ఏడాది తేడాలో మనిషి మారిపోయాడా? అదే ఎత్తు, అవే మోకాళ్లు. మారింది చుట్టూ ఉన్న కథ. మొదటి అంకెతో అతన్ని తిట్టినవాళ్లూ, రెండో అంకెతో నెత్తికెత్తుకున్నవాళ్లూ చేసింది పిచర్ ఖాతాలో టీమ్ గెలుపు వేసే పాత తప్పే.

కాలానికీ చోటుకీ తగ్గట్టు అంకెని సవరించడం ఇంకో పాఠం. 1968లో బాబ్ గిబ్సన్ పరుగుల సగటు 1.12. 2000లో పెడ్రో మార్టినెజ్‌ది 1.74. విడిగా చూస్తే గిబ్సన్ గొప్ప. కానీ 1968లో అందరూ తక్కువ పరుగులే ఇచ్చారు, ఎంతగా అంటే మరుసటి ఏడాది పిచర్ నిలబడే దిబ్బ ఎత్తుని 15 అంగుళాల నుంచి 10కి తగ్గించాల్సి వచ్చింది. పెడ్రో ఆడిన లీగ్‌లో ఆ ఏడాది సగటు ఐదుకి కొంచెమే తక్కువ. సవరించి చూస్తే పెడ్రోదే పైచెయ్యి. మెల్ట్‌జర్ స్టార్లకీ ఈ సవరణ కావాలి. 1997 అక్టోబర్ తర్వాత 2011 జులై దాకా డబ్ల్యూడబ్ల్యూఈలో (పాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి తర్వాత వచ్చిన పేరు) ఒక్క మ్యాచ్‌కీ అతను ఐదు ఇవ్వలేదు. 2017లో టోక్యోలో కెన్నీ ఒమేగా, ఒకాడా మ్యాచ్‌కి ఆరు, 2018లో ఒసాకాలో వాళ్లకే ఏడు ఇచ్చాడు. ఐదే ఆఖరు అనుకున్న కొలబద్దలో ఏడు! రూపాయి విలువ పడిపోయినట్టు స్టార్ విలువ కూడా పడిపోయిందని ఒప్పుకుని, ఏ ఏడాది స్టార్‌ని ఆ ఏడాది సగటుతో పోల్చుకోవడం తప్ప చేసేదేం లేదు.

ఇక చోటు. డెన్వర్ సముద్ర మట్టానికి మైలు ఎత్తున ఉంటుంది. గాలి పలచన, కొట్టిన బంతి ఎక్కువ దూరం పోతుంది. అక్కడ కొట్టిన హోమ్ రన్‌ని అందుకే కాస్త తగ్గించి లెక్కిస్తారు. రెజ్లింగ్‌లో ఆ గాలి జనమే. 2006 జూన్ 11న న్యూయార్క్ హామర్‌స్టీన్ బాల్‌రూమ్‌లో జాన్ సీనా తన టీషర్టు తీసి జనంలోకి విసిరితే వాళ్లు తిరిగి రింగులోకి విసిరికొట్టారు, ఒకసారి కాదు, విసిరినప్పుడల్లా. "సీనా గెలిస్తే అల్లర్లే" అని అట్ట మీద రాసుకొచ్చారు. 2011 జులై 17న షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో, అక్కడి కుర్రాడు సీఎం పంక్‌తో సీనా ఆడిన మ్యాచ్‌కే మెల్ట్‌జర్ మళ్లీ ఐదు వేసింది. ఆ హాలు మొత్తం గొంతు చించుకోకపోతే ఆ ఐదు పడేదా అన్నది న్యాయమైన అనుమానం. ఇక 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో అదే సీనా, సెథ్ రాలిన్స్‌తో జోడీగా లుడ్విగ్ కైజర్, జొవానీ వించీలతో మామూలు ట్యాగ్ మ్యాచ్ ఆడాడు. డబ్ల్యూడబ్ల్యూఈ భారత్‌కి వచ్చి అప్పటికి దాదాపు ఆరేళ్లు. ట్రంప్ కార్డులతో పెరిగి ఇప్పుడు ఈఎంఐలు కట్టుకుంటున్నవాళ్లు, వాళ్ల పిల్లలు ఒకే వరసలో నిలబడి అరిచారు. అతను నడిచి రావడమే సరిపోయింది. సీనా అరుపుల అంకెని న్యూయార్క్‌లో కాస్త పెంచి, గచ్చిబౌలిలో కాస్త తగ్గించి రాసుకోవాలి. తగ్గించాలంటే మనసొప్పదు, అది వేరే విషయం.

తక్కువ ధరకి దొరికే ప్రతిభని పట్టుకోవడం గురించి కూడా ఒక మాట. 2002లో ఓక్‌లాండ్ బేస్‌బాల్ జట్టు సుమారు 4 కోట్ల డాలర్ల జీతాలతో 103 మ్యాచ్‌లు గెలిచింది. మూడు రెట్లు ఖర్చు పెట్టిన న్యూయార్క్ యాంకీస్ కూడా గెలిచింది సరిగ్గా 103. మోచెయ్యి పాడై క్యాచర్‌గా పనికిరాడని ఎవరూ పట్టించుకోని స్కాట్ హాటెబర్గ్‌ని వాళ్లు తీసుకున్నారు. వరసగా 20వ గెలుపు తెచ్చిన హోమ్ రన్ అతనిదే. రెజ్లింగ్‌లో ఆ పాత్ర స్టీవ్ ఆస్టిన్‌ది. గాయంతో ఇంట్లో ఉండగా 1995లో డబ్ల్యూసీడబ్ల్యూ అతన్ని తీసేసింది. అవతలి కంపెనీ కూడా ముందు రింగ్‌మాస్టర్ అని ఒక ముక్కూ మొహం లేని పాత్ర ఇచ్చింది. 1996 జూన్‌లో కింగ్ ఆఫ్ ద రింగ్ టోర్నమెంట్ గెలవాల్సిన ట్రిపుల్ హెచ్ మీద కంపెనీకి కోపమొచ్చి ఆ అవకాశం ఆస్టిన్‌కి పోయింది. ఆ రాత్రి మైకులో మాట్లాడిన కొన్ని వాక్యాల నుంచి "ఆస్టిన్ 3:16" అన్న నినాదం పుట్టింది. ఓక్‌లాండ్ వాళ్లు హాటెబర్గ్‌ని లెక్క చూసి ఎంచుకున్నారు. ఆస్టిన్‌ని ఎవరూ ఎంచుకోలేదు, ఒకడికి శిక్ష పడితే ఇంకొకడికి చోటు దొరికింది. జనం చేతుల్లో అట్టల మీద ఆ మూడు అంకెలు కనిపించడం మొదలయ్యాకే ఆఫీసుకి అర్థమైంది. రెజ్లింగ్‌లో ముందస్తు సూచన అంటూ ఏదైనా ఉంటే అది ఆ అట్టలే.

ఆస్టిన్ శిఖరం ఎంతకాలం? మెడ దెబ్బతో, మోకాళ్లతో నెట్టుకొచ్చి 2003 మార్చిలో ఆపేశాడు. బేస్‌బాల్ పిచర్ శాండీ కోఫాక్స్ ముప్ఫై ఏళ్లకే 165 గెలుపులతో, మూడు సై యంగ్‌లతో చెయ్యి పాడై వెళ్లిపోయాడు. ఇంకో పిచర్ డాన్ సటన్ ఒక్క సై యంగ్ కూడా లేకుండా 324 గెలిచాడు. కొద్దికాలపు శిఖరం గొప్పా, పొడుగాటి కెరీర్ గొప్పా అన్న ఈ పంచాయితీకి బేస్‌బాల్ గణాంకాల రచయిత జే జాఫీ చేసిన పరిష్కారం సులువైనది: మొత్తం కెరీర్ విలువ, మంచి ఏడేళ్ల విలువ, రెండిటి సగటు. రెజ్లింగ్‌కి ఏడేళ్లు ఎక్కువేమో, నాలుగు చాలేమో. ఒళ్లు అంతకంటే ఆగదు.

ఇన్ని సవరణలు చేశాక కూడా ఒక ముడి విడదు. బేస్‌బాల్‌లో పిచర్, బ్యాటర్ ఒకరినొకరు ఓడించాలని చూస్తారు. కాబట్టి ఒకడికి లాభమైంది ఇంకొకడికి నష్టం, లెక్క సరిపోతుంది. రెజ్లింగ్‌లో ఎదురుగా ఉన్నవాడు భాగస్వామి. ఇద్దరూ కలిసి మోసే పల్లకిలో ఎవరి భుజం మీద ఎంత బరువుందో బయటినుంచి కనిపించదు.

1992 ఆగస్టు 29న లండన్ వెంబ్లీ స్టేడియంలో సమ్మర్‌స్లామ్ అనే రెజ్లింగ్ షో జరిగింది. ఆఖరి మ్యాచ్ బ్రెట్ హార్ట్‌కీ, అతని చెల్లెలి భర్త బ్రిటిష్ బుల్‌డాగ్‌కీ. కంపెనీ ప్రకటన ప్రకారం హాజరు 80,355. బుల్‌డాగ్ సొంత దేశం, సొంత జనం. అరగంటకి దగ్గరగా సాగిన ఆ మ్యాచ్‌ని ఆ దశాబ్దపు గొప్ప మ్యాచ్‌ల్లో ఒకటిగా చెప్పుకుంటారు. చివర్లో బుల్‌డాగ్ గెలిచాడు, బెల్టు ఎత్తాడు, స్టేడియం ఊగిపోయింది. తర్వాత చాలా ఏళ్లకి బ్రెట్ చెప్పాడు: గంట మోగిన కొద్దిసేపటికే బుల్‌డాగ్ ఆయాసంతో, టెన్షన్‌తో అనుకున్నవన్నీ మర్చిపోయాడట. అక్కడి నుంచి ప్రతి పట్టునీ, ప్రతి విసురునీ, పట్టు బిగించినప్పుడల్లా చెవి దగ్గర మొహం పెట్టి బ్రెట్టే ఒక్కొక్కటిగా చెబుతూ వచ్చాడు. రికార్డులో అది బుల్‌డాగ్ గెలుపు. రేటింగుల్లో ఇద్దరికీ సమాన వాటా. ఎనభై వేల మందికీ, కెమెరాలకీ ఆ గుసగుస వినపడలేదు.